గట్లు లేని పొలాలు, హద్దు చూసే ఊరు

ఇంగ్లండులోని లాక్స్‌టన్ అనే ఊళ్ళో మూడు పెద్ద పొలాలున్నాయి. వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్. మూడూ కలిపి 480 ఎకరాలకు కాస్త అటూ ఇటూ. ఊళ్ళో సేద్యం చేసే ప్రతి రైతుకీ మూడు పొలాల్లోనూ తలా కొన్ని చెక్కలు, అంటే పొడవాటి నేల ముక్కలు. చెక్కకీ చెక్కకీ మధ్య గట్టు లేదు, కంచె లేదు. దూరం నుంచి చూస్తే పొలమంతా ఒకే ఆసామిదనిపిస్తుంది. దగ్గరికెళ్తే తెలుస్తుంది, అది చాలామందిదని, ఎవరిది ఎక్కడ ఆగుతుందో వాళ్ళందరికీ తెలుసునని.

సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గొలుసు, క్రాస్ స్టాఫ్ రోజుల నుంచి మొదలుపెట్టి టోటల్ స్టేషన్ అనే ఎలక్ట్రానిక్ కొలత పరికరం దాకా చూశాను. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర, న్యూఆర్క్‌లో ఉంటున్నాను. నాటింగ్‌హామ్‌షైర్ జిల్లాలో ట్రెంట్ నది ఒడ్డున ఉంటుందీ పట్టణం. లాక్స్‌టన్ ఇక్కడికి దగ్గరే, కారులో అరగంట లోపు. ఉద్యోగమంతా గట్టు తగాదాల మధ్యే గడిచిన మనిషికి గట్లే లేని ఊరుందని చెబితే నమ్మడం కష్టం. అందుకే వెళ్ళాను. వెళ్తూనే ఉన్నాను.

ఒకప్పుడు ఇంగ్లండులో మధ్య ప్రాంతమంతా ఇలాగే ఉండేది. ఊరి చుట్టూ రెండో మూడో పెద్ద పొలాలు, వాటిలో అందరి చెక్కలూ కలగలిసి ఉండేవి. మంచి నేల ఒక్కడికే, చవిటి నేల ఒక్కడికే పోకుండా ఆ పంపకం కాపాడేది. ఒక పొలంలో చలికాలపు గోధుమ, రెండో దాంట్లో వసంతంలో వేసే పైరు, మూడోది బీడు. ఏటా వంతు మారుతుంది. ఒకడు తనకిష్టమైనప్పుడు ఇష్టమైన పైరు వేస్తానంటే కుదరదు. కోత అయ్యాక మోళ్ళ మీద అందరి పశువులూ మేయాలి కాబట్టి అందరూ ఒకే లెక్కన నడవాలి. తర్వాత పార్లమెంటు చట్టాలు వచ్చాయి. 1604 నుంచి 1914 వరకు అలాంటివి 5,200కు పైగా. ఒక్కో చట్టంతో ఒక్కో ఊరి పొలాలను కొలిచి, చెక్కలన్నీ కలిపి, ఎవరి వాటా వాళ్ళకి ఒకేచోట ఇచ్చి కంచె కట్టించారు. కొలిచింది నాలాంటి సర్వేయర్లే. దిగుబడులు పెరిగాయంటారు, అది నిజమే. కానీ పట్టా లేకుండా, ఉమ్మడి బీడులో ఒక ఆవునో నాలుగు బాతులనో మేపుకుని బతికినవాళ్ళకి ఆ కొలతల్లో ఏమీ మిగల్లేదు. ఆ పటాలు ఎంత అందంగా ఉన్నా వాటిని చూస్తే నాకు మనసు కుదుటపడదు.

లాక్స్‌టన్‌లో కూడా చుట్టుపక్కల భూమికి నెమ్మదిగా కంచెలు వచ్చాయి. నాలుగో పొలంగా ఉన్న ఈస్ట్ ఫీల్డ్ అలాగే పోయింది. మిగతా మూడూ ఎందుకు మిగిలాయంటే, ఊళ్ళో పెద్ద భూస్వాములు ఇద్దరు, ఎర్ల్ మాన్వర్స్, ఎర్ల్ ఆఫ్ స్కార్‌బ్రో. ఇద్దరి చెక్కలూ కలగలిసి ఉండటంతో పంపకం తేలడం కష్టమైంది, ఖర్చూ ఎక్కువే. 20వ శతాబ్దం మొదట్లో మాన్వర్స్ చిన్నచిన్న చెక్కల్ని కలిపి పెద్దవి చేయించాడు. చెక్కల సంఖ్య బాగా తగ్గింది కానీ పద్ధతి తగ్గలేదు. 1952లో మాన్వర్స్ వంశం నుంచి వ్యవసాయ మంత్రిత్వ శాఖ కొన్నది. 1981లో రాజ్యపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కి మారింది. 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ కొన్నది, అంటే తిరిగి మాన్వర్స్ వంశపు ఆస్తిలోకే చేరింది. యజమాని పేరు ఇన్నిసార్లు మారినా, పొలాల్లో పైర్ల వంతు నడిచే పద్ధతి మాత్రం మారలేదు.

ఇక ఆ హద్దుల సంగతి.

నవంబరు చివర ఒక గురువారం ఇక్కడ జ్యూరీ డే. పన్నెండు మంది రైతులు, వాళ్ళకో పెద్ద. ఆ ఏడు గోధుమ వేసిన పొలానికి ట్రాక్టరు ట్రాలీ ఎక్కి వెళ్తారు. నేను చూసిన రోజున నేల బంకగా ఉంది. బూట్లకి అతుక్కున్న మట్టితో ఒక్కో కాలూ రెండు కిలోలు తూగింది. అప్పుడే మొలకెత్తిన గోధుమ, వేలెడు పచ్చన. ఒకాయన చెక్క ఈ చివర గూటం పట్టుకుని నిలబడ్డాడు. రెండో ఆయన అటు చివర మేకు దగ్గర. మధ్యలో ఇంకొకాయన ఒక కన్ను మూసి, అటూ ఇటూ చూసి, చేత్తో సైగ చేశాడు, కుడికి, ఇంకాస్త. ఆ సైగ నాకు తెలుసు. గీత తిన్నగా రావడానికి పాతే రేంజింగ్ రాడ్ నిలబెట్టించేటప్పుడు నా జీవితమంతా చేసిన సైగే అది. సరిగ్గా అక్కడ పారతో చిన్న గుంట తీసి మేకు దిగ్గొట్టారు. దారి వైపు రెండు సాళ్ళు ఎక్కువ దున్నిన చోట అందరూ ఆగారు. ఎవరి చెక్కో ఎవరూ గట్టిగా అనలేదు. పెద్దాయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు, అంతే. ఆ చెక్క రైతు కూడా ఆ గుంపులోనే ఉండి ఉండవచ్చు. వచ్చే ఏడు రాసేవాడు అతనే కావచ్చు కూడా.

గట్టు ఎలా మాయమవుతుందో సర్వేయరుకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఒక్కసారి ఎవడూ ఆక్రమించడు. ఏటా దుక్కిలో ఒక సాలు. నాగలి కొన కాస్త గట్టులోకి. పదేళ్ళకి మోకాలెత్తు గట్టు జానెడు దారం అవుతుంది. అప్పుడు తగాదా, అర్జీ, చలానా, నోటీసు, ఆ తర్వాత నేను. నేను వెళ్ళేసరికి అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసి అయిదారేళ్ళు అయ్యేది. టిప్పన్, అంటే పొలం కొలతల పటం ప్రకారం రాయి పాతించి వస్తే, మర్నాడు ఆ రాయి కాలవలో ఉండేది. లాక్స్‌టన్ వాళ్ళు ఆ పదేళ్ళు గడవనివ్వరు. మొదటి సాలుకే ఊరు ఊరంతా కలిసి వచ్చి చూస్తుంది. నా దృష్టిలో ఈ ఊరి పాలనలో అన్నిటికంటే విలువైనది ఇదే. కొలిచేవాడు బయటినుంచి రాడు, తగవు ముదిరాక రాడు.

జ్యూరీ డే తర్వాత వారం రోజులకి కోర్ట్ లీట్ అనే పాతకాలపు జమీందారీ కోర్టు కూర్చుంటుంది. కోర్టంటే పెద్ద భవనమేమీ కాదు, డవ్‌కోట్ ఇన్ అనే ఊరి పబ్బు. భూస్వామి తరఫున స్టూవర్డ్ కూర్చుంటాడు, బెయిలిఫ్ పేర్లు పిలుస్తాడు, జ్యూరీ చూసి వచ్చినవి చదువుతారు. దారిలోకి దున్నినవాడికి, కాలవ పూడిక తీయనివాడికి జరిమానా. మొత్తాలు చిన్నవే. డబ్బు కోసం కాదని అందరికీ తెలుసు. పక్కవాళ్ళ ముందు పేరు చదివించుకోవడం ఎవరికీ ఇష్టముండదు. అక్కడే వచ్చే ఏడాది జ్యూరీని ప్రమాణం చేయిస్తారు.

ఇది ఉత్తుత్తి వేడుక అనుకుంటారేమో. కాదు. ఇంగ్లండులో ఇలాంటి జమీందారీ కోర్టులు వందల ఏళ్ళు నడిచి, కాలక్రమంలో పేరుకి మిగిలాయి. 1977లో వచ్చిన న్యాయపాలన చట్టం వాటిలో దాదాపు అన్నిటి అధికారాన్నీ తీసేసింది. లాక్స్‌టన్ కోర్టుకి మాత్రం ఉంచింది. అందుకే ఇక్కడ వేసే జరిమానాకి చట్టం బలం ఉంది.

పొలాల మధ్య దున్నడానికి వీలుకాని పల్లపు చెమ్మ నేలలు, ఏటవాలు ముక్కలు ఉంటాయి. వాటిని ఇక్కడ సైక్స్ అంటారు. నాగలి ఎప్పుడూ తగలలేదు కాబట్టి వాటిలో గడ్డి పూలు ఎన్నో రకాలు మిగిలాయి. ఎండాకాలంలో ఆ గడ్డిని వేలం వేస్తారు. ఊళ్ళో హక్కున్నవాళ్ళే పాడుకోవాలి. అప్పట్లో దారి తప్పి పైరులో పడ్డ పశువుల్ని కట్టేయడానికి బందెలదొడ్డి ఉండేది, దాని మనిషి వేరే. మా గోదావరి వైపు పంచాయతీ బందెలదొడ్డి వేలం పాట నా చిన్నప్పుడు చూశాను. ఆ గోల, ఆ పాటలు, దొడ్డి బయట ఆవు కోసం ఏడ్చే పిల్లలు గుర్తొచ్చారు.

సర్వేయరుగా నేను తప్పకుండా చెప్పాల్సింది ఒకటుంది. 1635లో ఈ ఊరికి మార్క్ పియర్స్ అనే సర్వేయరు పటం గీశాడు. అసలు ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. ప్రతి చెక్కనీ, ప్రతి ఇంటి స్థలాన్నీ విడివిడిగా గీసి నంబరు వేశాడు. పక్కన పుస్తకంలో ఆ చెక్క ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు, విస్తీర్ణం ఎంత అనేది రాశాడు. అంటే టిప్పనూ అడంగలూ రెండూ ఒకాయనే తయారు చేశాడన్నమాట. ఆ పటంలో అంగుళం కూడా లేని బొమ్మలున్నాయి. దున్నేవాళ్ళు, కోత కోసేవాళ్ళు, వేటకి పోయేవాళ్ళు. నకలు చూస్తున్నప్పుడు నాకు పొలం కంటే ముందు మనుషులే కనిపించారు. మేము గీసిన ఎఫ్‌ఎంబీల్లో, అంటే పొలం కొలతల పుస్తకాల్లో, మనిషికి చోటు లేదు. పియర్స్ ఎందుకు గీశాడో గానీ, గీసి మంచి పని చేశాడు.

ఆ పటం చేయించింది సర్ విలియం కోర్టెన్ అనే లండన్ వర్తకుడు. ఊరు కొన్నాడు, ఏం కొన్నాడో తెలుసుకోవడానికి కొలిపించాడు. 1627లో బార్బడోస్‌లో ఇంగ్లీషువాళ్ళు మొదట కాపురం పెట్టినప్పుడు పెట్టుబడి పెట్టింది ఈయనే. 1635లోనే, అంటే ఈ పటం గీసిన ఏడే, మొదటి చార్లెస్ రాజు ఈయన కూటమికి తూర్పు దేశాలతో వ్యాపారానికి అనుమతి ఇచ్చాడు, ఈస్టిండియా కంపెనీకి పోటీగా. మరుసటి ఏడు ఓడలు బయల్దేరాయి, ఆ ఏడే కోర్టెన్ చనిపోయాడు. అయినా ఆ కూటమి మన పడమటి తీరంలో కార్వార్‌లో వర్తక కోఠీ పెట్టింది. ఒక మారుమూల ఊరి పటానికీ కార్వార్‌కీ ఒకే సంతకం ఉండటం నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇంకొక బంధం మనందరికీ ఇంకా దగ్గరది. ఎకరానికి 4,840 చదరపు గజాలని బళ్ళో బట్టీ పట్టాం. ఆ అడ్డదిడ్డమైన సంఖ్య ఎక్కడిది? 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు ఉన్న చెక్కను గుణించి చూడండి. ఎద్దుల అరక ఆగకుండా దున్నుకుపోయే సాలు పొడవు ఆ 220 గజాలు. పొడుగ్గా, సన్నగా ఉండే ఈ చెక్కలే ఎకరం లెక్కకి పుట్టిల్లు. ఆ 22 గజాలే సర్వే గొలుసు పొడవు. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ ఆ గొలుసుని 100 లింకులుగా విభజించాడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. మనం సెంట్ల లెక్కన ఇళ్ళస్థలం కొంటాం కదా, ఆ సెంటు ఈ దుక్కి నుంచి నడిచి వచ్చింది. కుర్రతనంలో భుజాన గొలుసు మోసినప్పుడు ఇది ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఊరిని పారిష్ అంటారు. అంటే చర్చి కింద ఉండే ఊరు అని మొదట్లో అనుకునేవాణ్ణి. సగమే నిజం. లాక్స్‌టన్ చర్చిలో సెయింట్ మైకేల్ పేరున పూజలు, లోపల ఈ ఊరిని ఒకప్పుడు ఏలిన ఎవరింగ్‌హామ్ వంశం వాళ్ళ ప్రతిమలు, అందులో ఒక స్త్రీది ఓక్ కర్రతో చెక్కింది. ఊరికి ఉత్తరాన నార్మన్ల కాలపు మట్టికోట దిబ్బ. ఇవన్నీ చూసి తీరాల్సినవే. కానీ పారిష్ అసలు పని చర్చి తలుపు బయట ఉండేది. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ప్రతి పారిష్‌లో పుట్టుకలకి చేసే బాప్తిజం, పెళ్ళి, సమాధి వివరాలు రాయడం మొదలైంది. 1603లో చర్చి చేసిన నియమాల ప్రకారం ఆ పుస్తకాలుండే పెట్టెకి మూడు తాళాలు. ఒకటి పాస్టరు దగ్గర, రెండు, ఊరి తరఫున చర్చి వ్యవహారాలు చూసే చర్చ్‌వార్డెన్ల దగ్గర. ముగ్గురూ వస్తేనే తెరుచుకుంటుంది. 1555 చట్టంతో ఊరి దారులు ఊరే బాగుచేసుకోవాలన్నారు, ఏడాదికి నాలుగు రోజులు, తర్వాత ఆరు రోజులు ఉచిత చాకిరీ. దాన్ని చూసే దారుల సర్వేయరూ జీతం లేనివాడే. కానిస్టేబులూ, పేదల పర్యవేక్షకుడూ కూడా అంతే. ఊళ్ళో వాళ్ళకే వంతులవారీగా ఆ పనులు పడేవి.

ఆ పేదల పర్యవేక్షకుడి దగ్గరే ఊరి మంచీ చెడూ రెండూ ఉన్నాయి. 1601 చట్టం ప్రకారం ప్రతి పారిష్ తన పేదల్ని తనే పోషించాలి, అందుకు పన్ను వేసుకోవాలి. గొప్ప మాట. వెంటనే ప్రశ్న వచ్చింది, "మా పేదలు" అంటే ఎవరు? 1662లో నివాస చట్టం వచ్చింది. కొత్తగా వచ్చినవాడు ఏడాదికి 10 పౌండ్ల కంటే తక్కువ అద్దె ఇంట్లో దిగితే, 40 రోజుల లోపు ఫిర్యాదు చేసి అతన్ని సొంత పారిష్‌కి తిప్పి పంపవచ్చు. బిడ్డ ఇక్కడ పుడితే ఇక్కడివాడవుతాడని గర్భిణుల్ని పురుటి నొప్పుల ముందు హద్దు దాటించిన ఊళ్ళు ఇంగ్లండంతా ఉన్నాయి. 1697 నుంచి సాయం తీసుకునేవాళ్ళు భుజం మీద గుడ్డ ముక్క కుట్టుకోవాలి, పి అనే అక్షరం, పక్కన పారిష్ పేరులో మొదటి అక్షరం. బిచ్చం ఏ ఊరిదో భుజం చూస్తే తెలియాలని. 1795లో గానీ, నిజంగా సాయం అడిగితే తప్ప తరిమేయరాదని చట్టం మారలేదు.

వేరే దేశంలో వీసా కాగితాల మీద బతుకుతున్న కుటుంబంలోంచి ఇది చదివితే గుండె బరువెక్కుతుంది. ఒక సాలు దాటినా కనిపెట్టగలిగిన ఊరు, ఒక మనిషి దాటినా కనిపెట్టగలదు. దారి మీద దున్నినవాణ్ణి నిలదీసిన ఆ దగ్గరితనమే గర్భిణిని బండెక్కించింది. లాక్స్‌టన్ జ్యూరీని ఎంత మెచ్చుకున్నా ఈ సంగతి పక్కన పెట్టలేను. ఇక్కడికి దగ్గర్లోనే సౌత్‌వెల్ ఊళ్ళో 1824లో కట్టిన వర్క్‌హౌస్ ఉంది, పేదల్ని ఉంచి పని చేయించిన చోటు. ఆడ, మగ, పిల్లల్ని విడదీసి ఉంచిన ఆ పద్ధతినే 1834 చట్టం దేశమంతటికీ నమూనాగా తీసుకుంది. దాంతో పేదల బాధ్యత పారిష్ చేతిలోంచి పోయి అనేక పారిష్‌ల కూటములకి వెళ్ళింది. ఆ భవనం ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. లాక్స్‌టన్ చూడటానికి వచ్చేవాళ్ళు అదీ చూడాలి, రెండూ ఒకే చరిత్ర.

1894లో చర్చి పని, ఊరి పని విడిపోయాయి. ఎన్నికైన పారిష్ కౌన్సిళ్ళు వచ్చాయి, ఆడవాళ్ళు ఓటు వేయడానికీ నిలబడడానికీ వీలైంది. ఇక్కడిది పక్కనున్న మూర్‌హౌస్ పల్లెతో కలిపి లాక్స్‌టన్ అండ్ మూర్‌హౌస్ పారిష్ కౌన్సిల్. దాని పైన న్యూఆర్క్ అండ్ షెర్‌వుడ్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్, ఆపైన కౌంటీ. చెత్త తీయడం డిస్ట్రిక్ట్ పని, రోడ్లు, బళ్ళు కౌంటీ పని. పారిష్‌కి మిగిలేవి చిన్నవి. బెంచీ, బస్ షెల్టరు, కాలిబాట, శ్మశానం. ఇల్లు కట్టుకోవడానికి ఎవరైనా దరఖాస్తు పెడితే అభిప్రాయం చెప్పవచ్చు, నిర్ణయం మాత్రం డిస్ట్రిక్ట్‌ది. డబ్బు కావాలంటే ఇంత అని నిర్ణయించి కౌన్సిల్ టాక్స్‌తో కలిపి వసూలు చేయమని డిస్ట్రిక్ట్‌ని అడుగుతారు. సమావేశానికి మూడు పూర్తి రోజుల ముందు నోటీసు అంటించాలి. ఎవరైనా వెళ్ళి వెనక కూర్చోవచ్చు.

మా ఉద్యోగాల్లో ఒక మలుపు 1984. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో కరణాల్ని, మునసబుల్ని ఒక్క ఆర్డినెన్సుతో తీసేశారు. వంశపారంపర్యం పోవాల్సిందే, ఆ పెత్తనం ఎంత చేటు చేసిందో నేను దగ్గర్నుంచి చూశాను. కానీ వాళ్ళతోపాటు ఏ తుమ్మ చెట్టు ఎవరి గట్టు మీదదో తెలిసిన జ్ఞాపకం కూడా ఊరు దాటి ఆఫీసులోకి వెళ్ళిపోయింది. ఆ జ్ఞాపకాన్ని ఒక్కడి చేతిలో పెట్టకుండా పన్నెండు మంది చేతిలో పెట్టి, ఏటా మార్చుతూ ఉంటే ఎలా ఉండేదో అని లాక్స్‌టన్‌లో నిలబడి ఆలోచించాను. రీసర్వేలో డ్రోన్లు ఎగురుతున్నాయి, మంచిదే. డ్రోన్ గీసిన గీత దగ్గర ఇద్దరు పక్కపక్క రైతులూ, ఇంకో పదిమందీ కలిసి ఏడాదికోసారి నిలబడే ఏర్పాటు గ్రామ సభకి ఇవ్వవచ్చు కదా. చట్టంలో ఒక చిన్న మార్పు చాలు. నాతో పనిచేసినవాళ్ళు, ఇప్పుడు ఆ శాఖలో ఉన్నవాళ్ళు ఇది చదివితే దీని మీద రాయండి.

ఇటువైపు వచ్చే తెలుగువాళ్ళు ఎండాకాలం వస్తే సైక్స్‌లో పూలు చూడవచ్చు. డవ్‌కోట్ ఇన్ పక్కనే చిన్న సందర్శకుల కేంద్రం ఉంది. అక్కడ పద్ధతంతా పటాలతో వివరించి ఉంటుంది. పొలాల్లోకి నడక దారులున్నాయి, పైరు తొక్కకుండా దారి మీదే నడవాలి. జ్యూరీని చూడాలంటే నవంబరు చివర రండి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తెచ్చుకోండి.